సాయంత్రం లెక్క

ఒంగోలు,
18 జనవరి 2025

పెద్దమ్మకు వందనాలు.

నీ కార్డు అందింది. ఫోన్లో నేను "ఊఁ" తప్ప ఇంకేమీ అననని, నాతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుందని రాశావు. నిజమే. అందుకే కాగితం తీసుకున్నాను. దీని ముందు నాకు సిగ్గు వేయదు.

ముందు ఒక మనవి. మొన్న ఆదివారం ఫిలిప్ అయ్యగారు "తుపాకులకు ఎదురు నిలుస్తున్న మన జెస్సీ కోసం" ప్రార్థన చేయించారట. దయచేసి ఆపించు. నాకు తుపాకీ లేదు. నాకు ఎదురుగా కూడా ఇంతవరకు ఎవరూ తుపాకీ పట్టుకోలేదు. నాకు ఇచ్చింది ఒక పెన్సిలు, చీటీల కట్ట.

మా పని ఇది. ఎవరైనా ఒక మనిషిని గదిలో పెట్టి తాళం వేసినా, ఎత్తయిన చోటికి ఎక్కి దూకుతానన్నా మా బృందం వెళ్తుంది. మాట్లాడేది ఎస్సై కరుణాకర్ గారు ఒక్కరే. నేను ఆయన వెనక కూర్చుని వింటాను. అవతలి మనిషి గొంతు ఎక్కడ సన్నబడింది, ఏ మాట రెండుసార్లు వచ్చింది, దేనికి జవాబు చెప్పకుండా దాటేశాడు, ఇవి గమనించి చీటీ రాసి ఆయన చేతిలో పెడతాను. మనస్తత్వ నిపుణులు నేరుగా మాట్లాడకూడదు. అది నియమం. నోరు విప్పకూడదని జీతమిచ్చే ఉద్యోగం దొరుకుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

పోయిన వారం బాపయ్య అనే రైతు ఊరి మంచినీళ్ల ట్యాంకు ఎక్కాడు. పుట్టింటికి వెళ్లిన భార్య వస్తే తప్ప దిగనన్నాడు. ఊరివాళ్లు మాకంటే ముందే ఆవిడను తీసుకొచ్చి మైకు ఇచ్చారు. "దిగరా, నీ సంగతి చెప్తా!" అంది. ఆయన ఇంకో మెట్టు ఎక్కాడు. బంధువులను మైకు దగ్గరికి రానివ్వకూడదని పుస్తకాల్లో ఎందుకు రాశారో నాకు అప్పుడు అర్థమైంది. నాలుగు గంటలు విన్నాను. మాటల్లో మూడుసార్లు గేదె వచ్చింది. "గేదెకు నీళ్లు ఎవరు పెట్టారో అడగండి" అని చీటీ ఇచ్చాను. ఎస్సైగారు అడిగారు. బాపయ్య "ఎవరూ పెట్టలేదండీ" అని దిగివచ్చాడు.

మార్చి నెలాఖరుకు నన్ను ఉంచాలో లేదో తేలుస్తారు.

"ఊఁ" అంటూనే ఉండే నీ
జెస్సీ

---

చినతూములపాలెం, పర్చూరు దగ్గర,
23 జనవరి 2025

జెస్సీ తల్లీ,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. నీ ఉత్తరం సర్దార్‌బీకి చదివి వినిపించాను. బళ్లో వంట మానేసి విన్నది. పప్పు మాడింది. "గేదె పేరెత్తితే దిగాడా! మా ఆయనకు నా పేరు చెప్పినా అరుగు దిగడు కదమ్మా" అన్నది.

అయ్యగారికి చెప్పాను. నిన్న సాయంత్రం ప్రార్థన కూడికలో "పెన్సిలు పట్టుకుని తుపాకులకు ఎదురు నిలుస్తున్న జెస్సీ కోసం" అన్నారు. ఇక నా వల్ల కాదు.

ఇక్కడ మిరపకోతలు మొదలయ్యాయి. నా బళ్లో పేర్లున్నది ఇరవై మూడు మంది. పొద్దున వచ్చేది తొమ్మిది మంది. మిగతావాళ్లను తల్లులు చేలకు తీసుకుపోతున్నారు. చంకలోని పసిపిల్లను దించి పట్టుకోవడానికి, కింద రాలిన కాయలు ఏరడానికి. నేను పోట్లాడి పోట్లాడి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాను. సాయంత్రం ఐదింటికి చేల నుంచి నేరుగా బడికే రావాలి. వస్తున్నారు. చేతులు మండుతుంటే పలక కూడా గట్టిగా పట్టుకోలేరు పాపం, అయినా వస్తున్నారు.

ఇప్పుడు మండలం నుంచి కాగితం వచ్చింది. ఫిబ్రవరి పన్నెండున పొద్దున పదకొండింటికి ఒకాయన వచ్చి తలలు లెక్కపెడతాడట. ఇరవైకి తగ్గితే బడి మూసేసి, పిల్లల్ని పెద్దరోడ్డు అవతలి బళ్లో కలిపేస్తారట. ఈ కాలంలో ఆ రోడ్డు మీద మిర్చి లారీలు ఎట్లా పోతాయో నీకు తెలియదా? ఆరేళ్ల పిల్లలు దాటగలరా? సాయంత్రం రండి బాబూ అని రెండుసార్లు రాశాను. జవాబు లేదు.

అది సరే. నీ పని గురించి నాకు కొన్ని అనుమానాలు. గదిలో తాళం వేసుకున్నవాళ్లను మీరు ముందుగా ఏమడుగుతారు? ఎంతసేపు ఆగుతారు? తలుపు పగలగొడతారా?

ఆశీస్సులతో
పెద్దమ్మ

---

ఒంగోలు,
28 జనవరి 2025

పెద్దమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా పని గురించి నువ్వు ఇంత శ్రద్ధగా అడుగుతావనుకోలేదు. కాలేజీలో సైకాలజీ తీసుకుంటానన్నప్పుడు, "పిచ్చివాళ్ల చదువు చదివితే ఎవరు చేసుకుంటారే" అన్నావు. అందుకే సంతోషం ఎక్కువైంది.

వరసగా చెప్తాను.

తలుపు పగలగొట్టడం ఆఖరిది. కాలం ఎప్పుడూ మా వైపే ఉంటుంది. ఎంత సాగదీస్తే అంత మంచిది. గంటలు గడిచేకొద్దీ కోపం అలసిపోతుంది, ఆకలి వేస్తుంది, లోపలివాళ్లిద్దరికీ ఒకరి ముఖం ఒకరికి అలవాటవుతుంది. ముఖం అలవాటైన మనిషిని ఎవరూ ఏమీ చేయలేరు.

ముందు అడిగేది "మీకేం కావాలి" అని కాదు. "అంతా బాగానే ఉన్నారా?" అని. తర్వాత వాళ్ల బాధకు ఒక పేరు పెట్టి చెప్తాం: "మీకు చాలా కోపంగా ఉన్నట్టుంది" అని. వాళ్ల చివరి మాటనే ప్రశ్నలా తిరిగి అంటాం. అప్పుడు వాళ్లే ఇంకా చెప్తారు. అడిగినదేదీ ఊరికే ఇవ్వం, బదులుగా ఏదో ఒకటి తీసుకుంటాం. అన్నం పంపితే పొట్లాలు కట్టి పంపం. గిన్నెల్లో పంపుతాం. ఒకరికొకరు వడ్డించుకోవాలి మరి.

ఇంకొకటి. మాట్లాడే మనిషికి నిర్ణయించే అధికారం ఉండదు. "పైవాళ్లను అడగాలి" అని టైము తీసుకుంటాడు.

నీకు ఇవన్నీ ఎందుకో ఊహించాను. బడి వార్షికోత్సవానికి నాటకం రాస్తున్నావు కదూ?

సర్దార్‌బీని అడిగానని చెప్పు.

నీ
జెస్సీ

---

చినతూములపాలెం,
2 ఫిబ్రవరి 2025

జెస్సీ తల్లీ,

నాటకమనే అనుకో.

నీ ఉత్తరం దాచుకున్నాను. ఎంత బాగా రాశావే! అన్నం గిన్నెల్లో పెట్టాలన్న సంగతి సర్దార్‌బీకి తెగ నచ్చింది. "పోలీసులకు కూడా బుద్ధుందన్నమాట" అన్నది.

చైతన్యకృష్ణ అట, లెక్కకు వచ్చే అతని పేరు. మొన్న పర్చూరులో పట్టుకున్నాను. చిన్నవాడే, నీ కంటే రెండేళ్లు పెద్దవాడేమో. చేతిలో ఫైలు, జేబుకు రెండు పెన్నులు. "బాబూ, మా పిల్లలు ఐదింటికి వస్తారు, అప్పుడు రా నాయనా" అన్నాను. "రూల్ ప్రకారం బడివేళల్లోనే లెక్కమ్మా" అన్నాడు. "చేలల్లో ఉన్న పిల్లలు రూల్ చూసుకుని వస్తారా?" అన్నాను. నవ్వాడు. చెడ్డవాడేం కాదు. కాకపోతే ఐదింటిదాకా ఒక చోట కూర్చోలేని మనిషి.

తల్లీ, నువ్వు పోలీసు ఆఫీసులో ఉన్నావు కదా. అక్కడ పెద్దవాళ్లెవరితోనైనా ఒక మాట చెప్పించి, ఆ లెక్కను సాయంత్రానికి మార్పించగలవా? ఆరు గంటలు. నేనడిగేది అంతే.

నాటకానికి కూడా ఒక అనుమానం. గదిలో పెట్టినవాళ్లు ముందుగానే "ఫలానా టైముకు తలుపు తీస్తాం" అని చెప్తే మీ పోలీసులు ఏం చేస్తారు?

అయ్యగారు ఈ వారం నీ పెన్సిలు కోసం విడిగా ప్రార్థించారు.

పెద్దమ్మ

---

ఒంగోలు,
7 ఫిబ్రవరి 2025

పెద్దమ్మా,

తొందరలో రాస్తున్నాను. ఈ వారమంతా శిక్షణ.

నీ ప్రశ్న చాలా మంచిది. మా ఎస్సైగారు కూడా మెచ్చుకున్నారు. లోపలివాళ్లే గడువు పెట్టి, అది బెదిరింపు కాకుండా మాటిచ్చినట్టుగా ఉంటే మాకు అంతకంటే సులువు ఇంకోటి లేదు. ఆ టైము వచ్చేదాకా కబుర్లు చెప్తూ కూర్చుంటాం. నాటకంలో తలుపు వేసిన పాత్ర అలా అంటే ప్రేక్షకులకు కూడా నచ్చుతుంది.

శిక్షణలో ఒక మాట చెప్పారు. నాకు బాగా నచ్చి గోడకు అంటించుకున్నాను: తలుపు వేసుకునే ప్రతి మనిషీ అంతకుముందే ఎవరికో ఒకరికి మూడుసార్లు చెప్పి ఉంటాడు. వినేవాళ్లు ఉంటే తలుపుదాకా రాదు.

నాటకం బాగా రావాలి. లెక్క కూడా బాగా జరగాలి.

నీ
జెస్సీ

---

ఒంగోలు,
13 ఫిబ్రవరి 2025

పెద్దమ్మా,

నిన్నటి నుంచి ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. తెలియకుండానే మొదలుపెడుతున్నాను.

పదకొండున్నరకు మాకు కబురు వచ్చింది. పర్చూరు దగ్గర ఒక బడిలో టీచరమ్మ అధికారిని గదిలో పెట్టి తాళం వేసిందని. ఊరి పేరు విన్నాక కూడా నేను నిన్ను అనుకోలేదు. బండి మన వీధిలోకి తిరిగి, బడి అరుగు మీద సర్దార్‌బీ గోంగూర వలుస్తూ "వచ్చారా, రండి, అమ్మగారు లోపల ఉన్నారు" అన్నప్పుడు తెలిసింది, ఆ టీచరమ్మ నువ్వేనని.

నియమం ప్రకారం వెంటనే చెప్పాలి. నోరు రాలేదు. చీటీ మీద "ఆవిడ మా పెద్దమ్మ. నేను దిగిపోవాలా?" అని రాసి ఎస్సైగారి చేతిలో పెట్టాను. ఆయనకు నా చీటీలు చదివే అలవాటు ఎంతగా పడిపోయిందంటే, అది ఏమిటో చూసుకోకుండానే మైకులో చదివేశారు.

"ఆవిడ మా పెద్దమ్మ. నేను దిగిపోవాలా?"

ఊరంతా విన్నది. లోపలి నుంచి నీ గొంతు వచ్చింది. "నీకు పెద్దమ్మనా? ఎవరి కొడుకువి నాయనా నువ్వు?"

ఆయన తేరుకుని, నన్ను ఉండమని సైగ చేశారు. తర్వాత మొదలుపెట్టారు.

"అంతా బాగానే ఉన్నారామ్మా?"

"బాగానే ఉన్నాం బాబూ. మంచి ప్రశ్న. మొదట అదే అడగాలి."

"మీకు చాలా కోపంగా ఉన్నట్టుంది."

"బాధకు పేరు పెట్టావు. బాగుంది. ఇప్పుడు నా ఆఖరి మాట తిరిగి అంటావు, కానియ్."

"కానియ్... అంటున్నారా?"

ఎస్సైగారు మైకు పక్కన పెట్టి నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

ఐదింటికి తీస్తానని నువ్వు చెప్పాక, డిఎస్పీగారు ఫోన్ చేసి తలుపు పగలగొట్టమంటారా అని అడిగారు. ఎస్సైగారు నన్నే అడిగారు. నేనేం రాయగలను? నా చదువంతా చెప్పేది ఒకటే. ఆగాలి. "వద్దు. ఆవిడ ఐదింటికి తీస్తానంది. తీస్తుంది" అని రాశాను. అది మనస్తత్వ నిపుణురాలు రాసిందో, నీ దగ్గర సెలవులన్నీ గడిపిన పిల్ల రాసిందో నాకు ఇప్పటికీ తెలియదు. అలా ఐదింటిదాకా పోలీసులు నీ పని చేసిపెట్టారు.

మూడింటికి ఎస్సైగారు అడిగారు. "ఈవిడ ముందుగా ఎవరికైనా చెప్పిందంటారా?" నా సంచిలో నీ ఉత్తరాలున్నాయి. తీసి చూశాను. రెండు ఉత్తరాల్లో రాశావు. ఆ మొదటి కార్డులో కూడా రాశావు: "బడి సంగతి నీతో మాట్లాడాలి, నువ్వేమో ఊఁ అంటావు" అని. మూడుసార్లు. నేను గోడకు అంటించుకున్న వాక్యం కింద కూర్చునే నాటకం బాగా రావాలని రాశాను.

ఉత్తరాలన్నీ ఎస్సైగారికి ఇచ్చేశాను. శనివారం పైవాళ్లు చదువుతారు.

నీ మీద కోపం కూడా ఉంది. నా పని గురించి అడిగితే పొంగిపోయాను. నీకు కావలసింది నా పని కాదు, తాళం.

ఐదింటికి తలుపు తీశావు. ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ కాలేదు. పిల్లలు వరసగా లోపలికి వెళ్తుంటే బండి కిటికీలోంచి లెక్కపెట్టాను. పందొమ్మిది. మళ్లీ మొదటి నుంచి పెట్టాను. పందొమ్మిదే. అప్పటికే మమ్మల్ని వెనక్కి రమ్మని ఉత్తర్వు వచ్చింది. నేను దిగి నీ దగ్గరికి రాలేదు. దారంతా తక్కువైన ఆ ఒక్కరి గురించే ఆలోచించాను. నువ్వడిగినప్పుడు నేను ఎవరికైనా ఒక చీటీ రాసి ఉంటే సరిపోయేది.

క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రాదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

జెస్సీ

---

చినతూములపాలెం,
17 ఫిబ్రవరి 2025

జెస్సీ తల్లీ,

ముందు ముక్కు తుడుచుకో. నీ ఉత్తరం మీద సిరా మూడు చోట్ల కరిగింది.

నీ కోపం న్యాయమే. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు నాకు తాళం ఆలోచన లేదు. ట్యాంకు మీదివాణ్ణి గేదెతో దింపిందా నా పిల్ల అని ఆ రాత్రి ముసిముసిగా నవ్వుకున్నాను. ఆ ఆలోచన తర్వాత వచ్చింది. వచ్చాక నీతో చెప్పాల్సింది. చెప్తే నువ్వు వద్దంటావు, నీ మాట నేను కాదనలేను. అందుకని చెప్పలేదు. తప్పు నాది.

లోపలి సంగతి నీకు తెలియదు కదా. పొద్దున వచ్చిన పిల్లల్ని సర్దార్‌బీకి అప్పగించి తాళం వేశాను. అతను మొదటి అరగంట తలుపు కొట్టాడు. రెండో అరగంట "ఇది నేరమమ్మా" అన్నాడు. "అవును నాయనా, కూర్చో" అన్నాను. సర్దార్‌బీ కిటికీలోంచి గిన్నెలు అందించింది. అన్నం నా దగ్గర, గోంగూర పచ్చడి అతని దగ్గర. నువ్వు చెప్పినట్టే. ఎంతసేపని చూస్తాడు? చివరికి పచ్చడి ఇటు జరిపాడు. మూడో ముద్దకు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాపం, కారం తినలేడట. మిరప పండే ఈ ఊళ్లలో ఉద్యోగం ఎందుకు చేస్తున్నావు నాయనా అంటే నవ్వాడు. రెండింటికి మూడో తరగతి లెక్కలు దిద్దిపెట్టాడు. మీ ఎస్సై బయట మైకులో నన్ను ఓదారుస్తుంటే, ఇతను లోపల "నెమ్మదిగా చెప్పమనండి, లెక్క తప్పుతోంది" అన్నాడు.

మీ కరుణాకర్ నిన్న ఫోన్ చేశాడు. ఉత్తరాలు పైవాళ్లు చదివారట. నిన్ను పిలిచి గట్టిగానే కోప్పడతారట, తల దించుకుని విను, అది నీకు బాగా వచ్చు కదా. తీసేయరట. చుట్టం అని మొదటి నిమిషంలోనే చెప్పావని, తలుపు పగలగొట్టొద్దన్నావని రాసుకున్నారట. పేర్లు కొట్టేసి మన ఉత్తరాలు శిక్షణలో చదివించొచ్చా అని అడిగాడు. ఏం నేర్పుతారు బాబూ అంటే, "ఎలా వినకూడదో నేర్పుతామండీ" అన్నాడు. నేను చాలాసేపు నవ్వాను. నువ్వు కూడా ఎప్పుడో ఒకప్పుడు నవ్వుతావు.

ఇక అసలు సంగతి. మీ బండి వెళ్లిపోయాక జరిగింది.

తలుపు బార్లా తీసి ఉంది. పోలీసులు లేరు. అతను లేచి, చొక్కా దులుపుకుని, పిల్లల్ని వరసలో నిలబెట్టి లెక్కపెట్టాడు. పందొమ్మిది. చిన్నవాళ్లు కదిలిపోయారని మళ్లీ పెట్టాడు. పందొమ్మిది.

"రాసుకో నాయనా" అన్నాను. "ఐదింటికి తీస్తానన్నాను, తీశాను. నీ పని నువ్వు చెయ్యి."

పెన్ను తీశాడు. కాగితం వైపు చూశాడు. పెన్నుకు మూత పెట్టేశాడు.

"ఇంకెవరైనా రావాలాండీ?"

"మాధురి. వాళ్లు కోస్తున్నది ఊరికి చివరి చేను."

"ఎంతసేపు పడుతుంది?"

"చెప్పలేను."

వెళ్లి పిల్లల బల్ల మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. ఆరింటి బస్సు సెంటర్లో హారన్ కొట్టింది. "నీ బస్సు" అన్నాను. "విన్నానండీ" అన్నాడు. ఇంకో బస్సు లేదని అతనికి తెలుసు.

ఆరూ ఇరవైకి వచ్చింది మాధురి. చంకలో తమ్ముడు, జుట్టు నిండా దుమ్ము. గదిలో కొత్త మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అతను దగ్గరికి వెళ్లి, కింద కూర్చుని, "నీ పేరేంటమ్మా?" అన్నాడు. పలకలేదు. మళ్లీ అడిగాడు. తమ్ముణ్ణి సర్దార్‌బీకి ఇచ్చి, నా బల్ల మీది పలక తీసుకుని, మంటకు వేళ్లు ఊదుకుంటూ పేరు రాసి అతనికి చూపించింది. ధుకు దీర్ఘం పెట్టేసింది. నేను దిద్దబోయాను. "ఉండనివ్వండి" అన్నాడు. కాగితంలో రాసుకున్నాడు.

పోలీసులకు రాతపూర్వకంగా కూడా ఇచ్చాడట, "సాయంత్రం లెక్క కోసం నేనే ఆగాను" అని.

ఇరవై మంది తరఫున,
నీ పెద్దమ్మ
జయకుమారి